వెనక సీటు ఎట్లున్నది

మా బాపు దుబాయిలో ఒక షేక్ ఇంటికి డ్రైవరుగా పనిచేసి, జుట్టు నెరిశాక కోరుట్లకు తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు తెచ్చిన సామాన్లన్నిటిలోకీ బరువైనది ఆయన నోరే. రోడ్డు మీద ఏ కారు పోయినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. చివర్న దాన్ని కొన్నవాడి తెలివితక్కువతనం గురించి కూడా రెండు మాటలు చెప్పేవాడు. చాయ్ హోటల్లో పక్కన కూర్చున్నవాళ్ళు గుడ్లప్పగించి వినేవాళ్ళు. ఇంట్లో అమ్మ కూడా వినేది, కానీ తలెత్తకుండా వినేది. తలెత్తితే బీడీ వంకర పోతుంది.

అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంది. బాపు దుబాయి పోయినా లేవలేదు, తిరిగొచ్చినా లేవలేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. ఆ వంగుడు వంగుడు చివరికి వెన్నులోకి దిగింది. హైదరాబాదు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, వెన్నుపూస జారిందన్నాడు. ఆపరేషన్ చేశాడు. నెలనెలా తీసుకొచ్చి చూపించమన్నాడు. పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, ప్రయాణంలో నిటారుగా కూర్చోబెట్టమనీ, సీట్లో కుంగనివ్వద్దనీ, గట్టి కుదుపు తగిలితే మళ్ళీ నడవదనీ చెప్పాడు.

నేను వాళ్ళకు ఒక్కతే కూతుర్ని. జగిత్యాలలో కాపురం, అక్కడే సర్కారు బడిలో ఉద్యోగం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. సమ్మెతో బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, మా బడికి తాళం పడింది. కిరాయి కారు మాట్లాడుకుందామంటే ఎక్కడ ఎవరు ఆపుతారో తెలియదని డ్రైవర్లు మొహం చాటేశారు. అప్పుడు బాపు సొంత కారు కొనాలని నిర్ణయించాడు. అమ్మ నడుము కోసమే కొంటున్నానని కోరుట్లలో ప్రతి చాయ్ హోటల్లోనూ చెప్పాడు. చెప్పనిది అమ్మకొక్కదానికే.

రెండు బండ్లు ఆయన మనసులో పడ్డాయి. ఒకటి చిన్న సెడాన్, నాలుగు మీటర్ల లోపు ఉండాలని డిక్కీని కురచ చేసినది. రెండోది దానికంటే మూరెడు పొడుగు, రెండింతలు డాబు. హైవే మీద దూరం పోవాలంటే ఏది సుఖమన్నది ప్రశ్న. మా ఇంట్లో ప్రశ్న అడిగేదీ బాపే, జవాబు చెప్పేదీ బాపే. కానీ ఈసారి అమ్మను కూడా పరీక్షకు కూర్చోబెట్టాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్న బండిని జగిత్యాల షోరూమ్‌లో చూశాం. సేల్స్ అబ్బాయి ఏదో చెప్పబోతే బాపు చెయ్యెత్తి ఆపేశాడు.

"నువ్వు చెప్పకు తమ్మీ. నువ్వు పుట్టకముందు నేను స్టీరింగు పట్టిన. తాళంచెయ్యి ఇటియ్యి."

అమ్మను వెనక కూర్చోబెట్టాం. నేను పక్కన. ఆ సీటు నిటారుగా, కాస్త గట్టిగా, మా బడిలో బెంచీకి చుట్టంలా ఉంది. అమ్మ కాళ్ళు కింద ఆనాయి, నడుము వెనక్కి ఆనింది. అద్దం సరిగ్గా ఆమె మొహం ఎత్తుకు ఉంది. కోరుట్ల రోడ్డు ఎక్కగానే ఆమె బయటికి చూడటం మొదలుపెట్టింది. చెరకు తోటలు, ఆగిపోయిన లారీలు, గొర్రెలమంద. చాట మీదకు వంగిన మనిషికి అవన్నీ కొత్తే. బాపు మాత్రం స్పీడు బ్రేకరు కోసం వెతుకుతున్నాడు. ఒకటి కనబడగానే వేగం పెంచాడు.

"బాపూ, మెల్లగ!" అని అరిచాను.

"మెల్లగ పోతె ఏం తెలుస్తదే? షాకప్సర్లు చూడాలె గదా."

కారు ఎగిరి పడింది. అమ్మ నా మోకాలు పట్టుకుంది. ఆమె గోళ్ళు చీరలోంచి దిగాయి. బాపు పైన అద్దంలోంచి చూసి అడిగాడు.

"ఎన్క సీటు ఎట్లున్నది?"

అమ్మ కింది పెదవిని పళ్ళ మధ్య నుంచి వదిలి చెప్పింది.

"బాగనే ఉన్నది."

రెండో బండిని కరీంనగర్ నుంచి కోరుట్లకు తెప్పించారు. మెట్‌పల్లి రోడ్డు మీద, పసుపు లారీల వెనక పరీక్ష. ఆ బండిలో వెనక సీటు మెత్తగా, లోతుగా ఉంది. అమ్మ అందులో కూర్చోలేదు, దిగబడింది. మోకాళ్ళు పైకి లేచాయి, నడుము గుంటలో పడింది. అద్దం ఎత్తుగా ఉండటంతో ఆమెకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. బాపు ముందు సీట్లో నిండుగా కూర్చుని, స్టీరింగు మీద అరచేత్తో తట్టాడు. ఆ మొహంలో అంత సంతోషం నేను పుట్టిన రోజున కూడా ఉండి ఉండదు. మళ్ళీ ఒక బ్రేకరు, మళ్ళీ ఒక ఎగురుడు, మళ్ళీ అదే ప్రశ్న.

"గీ సీటు ఎట్లున్నది?"

"బాగనే ఉన్నది."

మా అమ్మకు తెలిసిన జవాబు అదొక్కటే. కూరలో ఉప్పు ఎక్కువైందని బాపు కంచం తోసేసిన రోజు, పక్కింటామె ఎట్లున్నదని అడిగితే బాగనే ఉన్నది. ఆపరేషన్ అయి మత్తు దిగుతుంటే, నొప్పి ఎలా ఉందని నర్సు అడిగితే బాగనే ఉన్నది. అలాంటి మనిషిని అడిగి సుఖం తెలుసుకోవడం, గోడనడిగి వాన వస్తుందా అని తెలుసుకోవడం లాంటిది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను ఊరుకోలేదు. డాక్టరు చెప్పింది చెప్పాను. పెద్దదాంట్లో అమ్మ నడుము కుంగిపోతోంది, చిన్నదే మంచిదన్నాను.

"డాక్టరుకు నడుం తెలుసు. బండి నాకు తెలుసు," అన్నాడు.

"నువ్వొక్కపారి వెనక కూసో బాపూ. నేను తోల్త. నీకే తెలుస్తది."

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, గేరుకో తిట్టు చొప్పున. ఆయన నవ్వాడు. గల్ఫులో బండ్లు తోలినవాళ్ళకు ఒక పట్టింపు ఉంటుందట. డ్రైవరు తన బండిలో వెనక సీట్లో కూర్చోకూడదు, కూర్చుంటే స్టీరింగు మళ్ళీ చేతికి రాదు. అన్నేళ్ళు తోలి ఒక్కసారి కూడా ఆయన వెనక కూర్చోలేదని గొప్పగా చెప్పాడు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఈ మనిషికి ప్రపంచంలో కార్లన్నీ తెలుసు, ముందు సగం వరకు. వెనక సగంలో ఏముంటుందో ఆయనకు ఆ పైన అద్దంలో కనబడినంతే తెలుసు. అయినా వెనక సీటు సుఖం మీద తీర్పు ఆయనదే.

అమ్మ అప్పుడు, ఎవరూ అడగకుండా, నోరు తెరిచింది.

"గా చిన్నదాంట్ల బయటికి కనవడుతది."

బాపు ఆమె వైపు తిరిగాడు. "బయటేమున్నదే సూడనీకి? నీ తమ్ముని సాంచాలా?"

అమ్మ చాట దగ్గరికి జరుపుకుంది. సంభాషణ అయిపోయింది. మర్నాడు పెద్ద బండికి మాట ఇచ్చేశాడు.

ఆ తమ్ముడి సంగతి చెప్పాలి. అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. మా మామ అక్కడ సాంచాల మీద పనిచేసేవాడు. సాంచాలంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడుతూనే ఉంటాయి. అమ్మకు ఆయనొక్కడే తోడబుట్టినవాడు. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి మేనమామ చీర పెట్టాలి. మరమగ్గం మీద నేసింది మేనకోడలికి పెట్టడం మనసొప్పక, తెలిసినవాళ్ళ ఇంట్లో మూలన పడ్డ చేతిమగ్గాన్ని బాగుచేసుకుని, తనే నేసి నా పెళ్ళికి చీర తెచ్చాడు. ముదురాకుపచ్చ చీర, మొక్కజొన్న గింజ రంగు అంచు. అప్పుడు బాపు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. చీరను పందిట్లో అందరి ముందూ రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు.

"మా షేక్ ఇంట్ల కారు తుడిచే గుడ్డ గూడ గింత గరుకుండది బామ్మర్దీ," అన్నాడు.

కొందరు నవ్వారు.  మామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, అక్షింతలు వేసి, భోజనాల వరుసల పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు. ఇక బాపుకు ఆయుధం దొరికింది. "నా ఇంట్ల ఎంగిలి పడకుంట లేచిపోయిండు," అని జీవితాంతం మామనే దోషిని చేశాడు. అన్న మాట గాలికి పోయింది, తినని అన్నం మాత్రం మిగిలింది. ఆ రోజు నుంచి అమ్మకు పుట్టింటి గడప బందు. ఆ చీరను మాత్రం నా దగ్గర్నుంచి అడిగి తీసుకుని దాచుకుంది. బాపు దుబాయిలో ఉన్నప్పుడైనా పోయి రావచ్చు కదా అని నేను చాలాసార్లు పోట్లాడాను. మీ బాపు వద్దన్నడు కదా అనేది. సముద్రం అవతలి మనిషి మాట కూడా ఆమెకు గడప మీది తాళమే.

ఇప్పుడు కోరుట్ల నుంచి హైదరాబాదు పోయే దారి సిరిసిల్ల మీదుగా. అమ్మ బయటికి కనబడాలని ఎందుకన్నదో ఇంతకంటే చెప్పక్కర్లేదు. బాపు దిగనిస్తాడని ఆమె ఆశపడలేదు. పుట్టింటి వీధి మొగ, వీలైతే తమ్ముడు, కారు దాటేంతలో కనబడితే చాలనుకుంది. అడిగింది అంతే.

కారు ఇంటికొచ్చింది. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించాడు. ఆ రోజుల్లో అందరూ చేసినట్టే నంబరు పలక మీద ఏపీ అన్న చోట టీజీ అని అంటించాడు. అద్దాలకు నల్ల ఫిలిం వేయించాడు. అప్పటికింకా పోలీసులు ఫిలింల మీద పడలేదు. షేక్ బండికి అంతకంటే నల్లగా ఉండేదట, లోపలి ఆడవాళ్ళు బయటికి కనబడకూడదని. ఇంకో పని కూడా చేశాడు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ పెట్టాడు. అది పెడితే తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. వెనక అద్దాలు కూడా డ్రైవరు దగ్గరున్న మీటతో బిగించేశాడు.

"ఇంట్ల చిన్నపిల్లలెవ్వరున్నరు బాపూ?" అన్నాను.

"ఎన్క కూసున్నోళ్ళు తలుపు ముట్టద్దు. తీసుడు డ్రైవరు పని. గది మర్యాద."

మర్యాద! మా అమ్మ జీవితంలో ఆయన ఆమెకు చేసిన మర్యాద అదొక్కటే, అది కూడా బయటినుంచి గడియ పెట్టడం.

మొదటి ప్రయాణం నుంచే అమ్మ నడుము చెడుతూ వచ్చింది. నేను దిండ్లు పెట్టాను, దుప్పటి మడత పెట్టాను. ఆ మెత్తటి గుంట అన్నిటినీ మింగేది. సిరిసిల్ల రాగానే ఆమె నా భుజం పట్టుకుని, లేని బలం తెచ్చుకుని, అద్దం ఎత్తుకు లేచేది. చౌరస్తా, బట్టల దుకాణాలు, తర్వాత వాళ్ళ వీధి మొగ. ఒక్క క్షణం. మళ్ళీ గుంటలో పడి కళ్ళు మూసుకునేది. బాపు పైన అద్దంలోంచి చూసి వేగం పెంచేవాడు. బ్రేకరు దగ్గర తగ్గించని మనిషి, కాస్త తగ్గిస్తే చాలని అమ్మ అనుకున్న చోట ఇంకా పెంచేవాడు. ఆ మనిషిని నేను అప్పుడు ద్వేషించాను. బాపు అని పిలుస్తూనే ద్వేషించాను.

ఇంతలో ఆయన కోరుట్ల దీక్షా శిబిరంలో పెద్దమనిషి అయ్యాడు. రోజూ పోయి టెంటు కింద కూర్చునేవాడు. మైకు ఇస్తే ఆత్మగౌరవం మీద మాట్లాడేవాడు. మన గొంతు వాళ్ళు నొక్కిండ్రు, మన ఇంట్ల మనం కిరాయోళ్ళ లెక్క బతుకుతున్నం అని ఆయన అంటుంటే చప్పట్లు పడేవి. బాగా మాట్లాడేవాడు, కాదనను. ఉద్యమం నాది కూడా. రోడ్డు మీద నేనూ నినాదాలిచ్చాను. కానీ ఆయన గొంతులో ఆ మాటలు వింటుంటే నాకు నవ్వొచ్చేది. ఇంటికెళ్ళి చూస్తే ఆ నవ్వు పోయేది.

ఒకసారి హైదరాబాదు నుంచి తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం దాటింది. సిరిసిల్ల చౌరస్తాకు ముందే బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆ రోజు వంటా వార్పూ. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తిని, ఆగిపోయిన బండ్లవాళ్ళకు కూడా పెడతారు. అది ఆ రోజుల్లో మా దగ్గరి నిరసన. సాంచాలన్నీ ఆపేసి నేతవాళ్ళంతా రోడ్డెక్కారు. డప్పులు మోగుతున్నాయి. అన్నం గంజి వాసన, వంకాయ కూర వాసన ఏసీలోంచి కూడా లోపలికొస్తున్నాయి.

బాపుకు హుషారొచ్చింది. "మనోళ్ళే. దిగి నాలుగు మెతుకులు తిందాం," అంటూ తలుపు తీసి ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. అప్పుడే ఆయనకు వడ్డించేవాళ్ళలో మా మామ కనబడ్డాడు. భుజాన కండువా, రెండు చేతుల్లో ఇస్తరాకు, బండి తర్వాత బండి దగ్గరికి పోయి అన్నం ఇస్తున్నాడు. బాపు కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు వేశాడు. తాళాలు టక్కున పడ్డాయి.

మామ మా బండి దాకా వచ్చాడు. కొత్త బండి, నల్ల అద్దాలు. ఎవరిదో ఆయనకు తెలియదు. ముందు వైపు పోలేదు, నేరుగా అమ్మ కూర్చున్న వైపు వచ్చి వంగాడు. వేలి కణుపుతో అద్దం మీద కొట్టాడు.

"జర దిగుండ్రి. ఇంకింత సేపయితది. నాలుగు మెతుకులు తిని పోండ్రి."

అమ్మ ఆకలిగొన్నదానిలా లేచింది. నా భుజం పట్టుకోకుండా, తనంతట తనే లేచింది. తమ్ముడి మొహం ఆమెకు జానెడు దూరంలో ఉంది. చెంపలు పీక్కుపోయి, కనుబొమల మీద దూది అంటుకుని ఉంది. ఆయనకు నల్ల అద్దంలో తన మొహమే కనబడింది. అందులో చూసుకుని కండువా కొసతో చెమట తుడుచుకున్నాడు, కనుబొమల మీది దూది దులుపుకున్నాడు. అక్క చూస్తోందని తెలియదు. అమ్మ మీట నొక్కింది. అద్దం దిగలేదు. మళ్ళీ నొక్కింది. తలుపు పిడి లాగింది. అది రాలేదు. అరచెయ్యి అద్దానికి ఆనించి, "తమ్మీ," అంది. డప్పుల మోతలో అది నాకే సరిగ్గా వినబడలేదు.

నేను ముందు సీట్ల మధ్యలోంచి దూరి బాపు దగ్గరి మీట అందుకోబోయాను. బాపు నా మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు.

"అద్దం దించు బాపూ! అమ్మ తమ్ముడు!"

"ఏసీ ఉన్నది గదా. అద్దమెందుకు?"

మామ ఇంకోసారి కొట్టి చూశాడు. లోపలివాళ్ళకు వద్దేమో అనుకున్నట్టున్నాడు, ఇస్తరాకు పట్టుకుని వెనక లారీ దగ్గరికి పోయాడు. ఆ అన్నం లారీ డ్రైవరు తిన్నాడు. రోడ్డు తెరిచి బండి కదిలేదాకా అమ్మ చెయ్యి అద్దం మీదే ఉంది. ఇంటికొచ్చాక బాపు ఆ మరక చూసి, గుడ్డ తడిపి తుడిచాడు.

తర్వాత కొన్నాళ్ళకే, చలికాలంలో, మామ సాంచె పక్కనే కూలి చనిపోయాడు. గుండె అన్నారు. కబురు పొద్దున్నే వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడింది. అప్పటికి చేతికర్ర లేకుండా నిలబడలేకపోతోంది. బాపు పోదాం అన్నాడు, కాదనలేదు. కానీ ముందు బండి కడగాలన్నాడు. చావింటికి పదిమంది వస్తారు, దుమ్ము బండితో పోతే ఎట్లుంటది అన్నాడు. బక్కెట్లతో నీళ్ళు పోసి, సబ్బు రాసి, టైర్ల దాకా కడిగాడు. తలుపుల సందుల్లో కూడా తుడిచాడు. అమ్మ చూస్తూ నిలబడింది. నేను జగిత్యాల నుంచి వచ్చేసరికి ఆయన వైపర్లు ఎత్తి తుడుస్తున్నాడు. నేను నోటికొచ్చింది తిట్టాను. ఆయన తుడవడం ఆపలేదు.

సిరిసిల్ల చేరేసరికి శవాన్ని తీసుకుపోయారు. మా ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. అమ్మ ఇంటి ముందు ఆరిపోయిన నిప్పు దగ్గర కూర్చుంది. అంటే ఆమె తమ్ముడి మొహం చివరిసారి చూసింది కారు అద్దంలోంచే. మామ భార్య, మా అత్తమ్మ, ఆమెను పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. బాపు వీధి మొగలో బండిని నీడలో నిలిపి, ఏసీ వేసుకుని లోపలే ఉన్నాడు.

ఆ తర్వాత ఎండాకాలంలో బాపు స్నానాల గదిలో పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు వంకరపోయింది, మాట ముద్దగా వచ్చేది. ఆ నోటికి అలా అయినందుకు ఎవరైనా జాలిపడతారేమో, నాకు జాలి కలగలేదు. కోరుట్ల అంతా వచ్చి చూసి పోయింది. హైదరాబాదు డాక్టరు ఈయన్ని కూడా నెలనెలా తీసుకురమ్మన్నాడు.

స్టీరింగు నేను పట్టుకున్నాను. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాను. ముందు సీటును ఎత్తు చేసుకోవచ్చు, వీపును నిటారుగా నిలబెట్టుకోవచ్చు. ఆ పెద్ద బండిలో మా అమ్మ నడుముకు సరిపోయే చోటు మొదటి నుంచీ అదొక్కటే ఉంది. దాని అద్దం కూడా ఆమె చేతిలోనే ఉంటుంది. ఇక మిగిలింది వెనక సీటు. నేనూ, పక్కింటాయనా కలిసి బాపును ఎత్తి దాంట్లో పెట్టాం. ఆయన ఎడమ చేత్తో తలుపు అంచు పట్టుకుని రానన్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది. లోపల కూర్చోబెట్టగానే గుంటలో దిగబడ్డాడు, మోకాళ్ళు పైకి లేచాయి, మొహం అద్దం కిందికి పోయింది. చైల్డ్ లాకు, అద్దాల బిగింపు ఆయన పెట్టినట్టే ఉన్నాయి. మార్చాలని నాకు తోచలేదు, అమ్మ అడగలేదు.

హైదరాబాదులో రక్తం పరీక్షకని పొద్దున్నుంచి ఆయన్ని పస్తుంచారు. తర్వాత తినిపించబోతే నా చెయ్యి కొట్టేశాడు. సరే అని బయల్దేరాం. సిరిసిల్ల వచ్చేసరికి వెనక నుంచి ఆకలి మూలుగు వినబడుతోంది.

"ఆపు బిడ్డా," అంది అమ్మ.

వీధి మొగలో ఆపి హారన్ కొట్టాను. అమ్మ ఆ రోజు మామ నేసిన చీర కట్టుకుంది, నా పెళ్ళినాటి ఆకుపచ్చ చీర. హారన్ విని అత్తమ్మ బయటికొచ్చింది. మమ్మల్ని దిగమంది. అమ్మ నడుము చూపించి, ఇక్కడే ఉంటామంది. అత్తమ్మ లోపలికి పోయి ఇస్తరాకులో అన్నం, కూర పెట్టుకుని వచ్చింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. జబ్బు మనిషికి ముందు పెట్టాలని నేరుగా వెనక అద్దం దగ్గరికి పోయి వేలితో కొట్టింది.

"అన్నా, జరంత తిను. ఎప్పుడు తిన్నవో ఏమో."

పైన అద్దంలో చూశాను. బాపు ఎడమ చెయ్యి మీట మీద ఉంది. నొక్కాడు. దిగలేదు. మళ్ళీ నొక్కాడు. మెడ సాగదీసి అన్నం కోసం చూశాడు. తర్వాత ఆయన కళ్ళు అద్దంలో నా కళ్ళను వెతుక్కున్నాయి. నా చేతి పక్కనే మీట ఉంది. నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ తన అద్దం దించింది. చెయ్యి బయటికి చాపి, "ఇటియ్యి మరదలా," అంది. ఇస్తరాకు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. అత్తమ్మ నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. అమ్మ కలిపి, ముద్ద చేసి, నిటారుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. తమ్ముడి వీధిని చూస్తూ, తీరిగ్గా, ఒక్కో ముద్దా నమిలి తింది. ఆమె అంత ఇష్టంగా తినడం నేనెన్నడూ చూడలేదు. వెనక నుంచి మూలుగు ఆగిపోయింది.

సగం ఇస్తరాకు అయ్యాక, తల తిప్పకుండానే ఆమె అడిగింది.

"ఎన్క సీటు ఎట్లున్నది?"

 నేను ఇంజన్ ఆపలేదు, ఏసీ నడుస్తోంది. అప్పుడు వెనక గుంటలోంచి, ముద్దగా, ఒక్కో అక్షరం విరిగి, బాపు గొంతు వచ్చింది.

"బా... గనే... ఉన్నది."

అమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.